కాలుష్యం పాఠం చెప్తుంటే ఎనిమిదో తరగతి పాప నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఎట్లా చెప్పాలి?

మునుగోడు_బయాలజీ · జూలై 10, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా మునుగోడు దిక్కు ఒక జడ్పీ హైస్కూలు. పదకొండేళ్లుగా జీవశాస్త్రం చెప్తున్నాను. ఇన్నేళ్లలో రాని సందేహం మొన్న వచ్చింది, అందుకే రాస్తున్నాను.

ఎనిమిదో తరగతికి గాలి, నీటి కాలుష్యం పాఠం మొదలుపెట్టాను. ఊరికే చదివించి వదిలేయడం ఇష్టం లేక, మన జిల్లా గురించే చెబుదామని ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) ఫొటోలు కొన్ని ప్రొజెక్టర్ మీద వేశాను. మచ్చల పళ్లు, వంకర తిరిగిన కాళ్లు, నడుం వంగిపోయిన ఒక ముసలాయన. మూడో ఫొటో వచ్చేసరికి రెండో బెంచీ చివర కూర్చునే పాప చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు మెడ చాచి ఆమె వైపు చూశాడు. ఇంకొకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. గంట కొట్టేదాకా ఆ చున్నీ కిందికి దిగలేదు.

ప్రొజెక్టర్ ఆపేసి మిగతా పావుగంట పుస్తకం చదివించాను. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఢిల్లీ పొగ గురించి, గంగ గురించి చెప్తే ఈ ఇబ్బంది రాదు. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అప్పజెప్తారు. మా దగ్గర పాఠం బెంచీల్లోనే కూర్చుని ఉంది. చెప్పకుండా దాటేయడం తప్పు, మొన్న నేను చెప్పినట్టు చెప్పడం ఇంకా పెద్ద తప్పు.

ఇంకో సంగతి కూడా. జూన్ 5 పర్యావరణ దినం అంటాం, ఆ రోజు మన బడులు తెరిచే ఉండవు, 12న తెరుస్తాం. ఆ తర్వాత మొక్కలు నాటే రోజు ఒకటి, వ్యాసరచన పోటీ ఒకటి. పిల్లలు రాసే వ్యాసాల్లో వాళ్ల ఊరు పేరు ఒక్కసారి కూడా కనబడదు. మీరంతా ఎట్లా చెప్తున్నారో రాయండి. ముఖ్యంగా ఈ ప్రాంతంలో పనిచేసేవాళ్లు.

మర్రిగూడ_బిడ్డ · జూలై 10, రాత్రి 10:25

మేడం, నేను టీచర్ని కాదు. మర్రిగూడ మండలంల పుట్టిన, ఇప్పుడు హైదరాబాద్‌ల పని చేస్తున్న. ఆ పాప లెక్కనే నేను చెయ్యి అడ్డం పెట్టుకొని పదేండ్లు బడికి పోయిన.

ఆరో తరగతిల ఒక సారు నన్ను లేపి నిలవెట్టి, పండ్లు తోముకుంటలేవా అని అడిగిండు. అందరు నవ్విండ్రు. ఆ రాత్రి ఇంట్ల బొగ్గు, ఉప్పు కలిపి చిగుర్లు నెత్తురు కారేదాక తోమిన. మా ఊరికి ఎవరెవరో వచ్చేటోళ్లు, పిల్లలను వరుసగ నిలవెట్టి నోళ్లు తెరిపిచ్చి ఫొటోలు తీసుకపోయేటోళ్లు. అది దేనివల్ల వచ్చిందో నాకు కూసుండవెట్టి చెప్పినోళ్లు లేరు. ఇరవై ఏండ్లు దాటినంక ఒక పండ్ల డాక్టరమ్మ చెప్పింది. పక్కా పండ్ల మీద ఎనామిల్, అంటే పంటి పైపొర, తయారయ్యేది ఎనిమిదేండ్ల లోపలనట. ఆ వయసుల తాగిన నీళ్లల్ల ఫ్లోరిన్ ఎక్కువుంటే ఎనామిల్ సక్కగ గట్టిపడదు. పన్ను చిగురుల నుంచి బయటికొచ్చేటప్పుడే మచ్చతోని వస్తది. అంటే నా తప్పు ఏంది? నేను తోమకముందే అయిపోయిన పని అది.

అందుకని మీరు మళ్ల పాఠం చెప్పేముందు మూడు మాటలు చెప్పుండ్రి. అది మురికి కాదు. తోమితే పోదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. నాకు ఆ మూడు మాటలు ఆరో తరగతిల ఎవరన్న చెప్పుంటే నా బతుకు వేరే ఉండేది.

ఫ్లోరోసిస్‌తోని ఒళ్లు వంకరపోయిన మా పక్క ఊరు శివన్నగూడెం అంశల స్వామన్న పేరు వినే ఉంటరు. 2023 జనవరిల చనిపోయిండు. ఆయన కథ ఆయననే చెప్పిండు, ఎవరి ముందటనన్న ధైర్యంగ నీళ్లు అడిగిండు. మేం ఆయనను చూసి ధైర్యం తెచ్చుకున్నం. అదే ఫొటో ఇంకొకరు తీసి తెరమీద వేస్తే సిగ్గు తెచ్చుకున్నం. పిల్లల పండ్లు కాదు, నీళ్లు చూపియ్యుండ్రి మేడం.

మునుగోడు_బయాలజీ · జూలై 10, రాత్రి 10:51

అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ మూడు మాటలు నా డైరీలో రాసుకున్నాను.

నీటి_పరీక్ష · జూలై 11, ఉదయం 7:15

నేను నల్లగొండ జిల్లాలో నీటి పరీక్షల ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. "నీళ్లు చూపియ్యండి" అన్న మాట సరైనది. ఎట్లా చూపించాలో చెప్తాను.

మొదట టీడీఎస్ మీటర్ సంగతి. ఫిల్టర్ నీళ్ల ప్లాంట్ల వాళ్లు, ఇంటింటికీ మిషన్లు అమ్మేవాళ్లు పెన్ను లాంటి మీటర్ ముంచి అంకె చూపిస్తారు. టీచర్లు కూడా అదే కొని తరగతిలో వాడుతున్నారు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెప్పే అంకె. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాల్లో 3 మిల్లీగ్రాములు ఫ్లోరైడ్ ఉన్నా ఆ మీటర్‌కు తెలియదు. కానీ ఆ 3 చాలు పిల్లల ఎనామిల్ పాడు కావడానికి. భారత ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ 1.5 మిల్లీగ్రాములే. మీటర్ అంకె తక్కువ వచ్చింది కదా అని మంచి నీళ్లు అనుకోవడం మన దగ్గర చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు.

ఫ్లోరైడ్‌కు రంగు మారే కిట్ దొరుకుతుంది. పరీక్ష గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే ఎర్ర గులాబీ రంగు వస్తుంది, ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ అది పసుపు వైపు తిరుగుతుంది. పిల్లలు దీన్ని మరిచిపోరు. ఐదు రకాల నీళ్లు తెప్పించండి: నల్లా, చేతిపంపు, పొలం బోరు, ఫిల్టర్ టిన్, పట్టిన వాన నీళ్లు. సీసా మీద ఇంటి పేరు రాయించొద్దు, నీళ్ల రకం రాయించండి. ఫలానా వాళ్ల నీళ్లు అనే మాట తరగతిలో పుట్టకూడదు. గాజు సీసా కాకుండా ప్లాస్టిక్ సీసా వాడాలి, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి. తేదీ, బోరు లోతు రాయాలి.

ఆ బోరు లోతు రాయించడంలోనే అసలు పాఠం ఉంది. మన కింద ఉన్నది గ్రానైట్. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. రాతి పగుళ్లలో నీళ్లు ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ కరుగుతుంది. నీళ్లలో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దింపుతుంది. కాల్షియం తక్కువున్న చోట అది నీళ్లలోనే నిలబడుతుంది. మా తాతలు చేదబావి నీళ్లు తాగారు. బావులు ఎండి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ రాయిలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు పైకి వచ్చాయి. కాబట్టి ఇది ఏ ఫ్యాక్టరీ వదిలిన విషమూ కాదు, అట్లాగని మనిషి చెయ్యి లేనిదీ కాదు. కాలుష్యం అంటే పొగగొట్టం బొమ్మ ఒక్కటే గీసే పిల్లలకు ఈ తేడా తెలియాలి.

మరగబెడితే పోతుందా అని తప్పకుండా అడుగుతారు. పోదు. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మరగబెడితే చచ్చేది సూక్ష్మజీవులు.

పాలమూరు_సోషల్ · జూలై 11, ఉదయం 8:02

పై వివరణ చదివాక ఒక మాట. దీన్ని సైన్స్ పిరియడ్‌కే వదలకండి. నేను మహబూబ్‌నగర్‌లో సాంఘికశాస్త్రం చెప్తాను. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డ సంగతి పౌరశాస్త్రం పాఠంలో చెప్తాను. జలసాధన సమితి పిలుపు మీద, మంచినీళ్లు, సాగునీళ్ల కోసం మామూలు మనుషులు నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకం లాగా తయారైంది. "ఓటు వేయడం ఒక్కటే కాదు, నిలబడడం కూడా అడిగే పద్ధతే" అని చెప్పినప్పుడు పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి 1970లలో తయారుచేసిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలపడం, తిప్పడం, తేర్చడం, వడగట్టడం. టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది ఆ పేరు. ఇక్కడ పదో తరగతి పాసైన పిల్లవాడికి తెలియదు. మన ఊళ్లు ఫొటోల్లో బాధితులుగానే మిగలడం నాకు ఇష్టం లేదు. అడిగినవాళ్లు ఇక్కడివాళ్లే, వెతికిన దారికి పెట్టిందీ ఇక్కడి పేరే అని పిల్లలకు చెప్పాలి.

నీటి_పరీక్ష · జూలై 11, ఉదయం 8:30

నిజం. ఒక జాగ్రత్త మాత్రం. పటిక ఎంత వేయాలన్నది నీళ్ల క్షారత్వం, ఫ్లోరైడ్ ఎంత ఉందన్న దాన్ని బట్టి లెక్కగట్టాలి. అంచనా తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. తరగతిలో చూపించండి, ఆ నీళ్లు మాత్రం తాగించొద్దు. బురద నీళ్లలో పటిక వేస్తే దూది పింజల్లాగా కూడి అడుగుకు చేరడం చూపిస్తే చాలు.

పదోతరగతి_నాన్న · జూలై 11, మధ్యాహ్నం 1:20

మీ అందరి మీద గౌరవంతోనే అడుగుతున్నా. మా బాబు పదో తరగతి. చౌటుప్పల్ దిక్కు ఉంటం. మార్చిల పరీక్షలు. సీసాలు తెచ్చుడు, రంగులు చూసుడు ఇవన్నీ చేస్తే సిలబస్ ఎప్పుడు అయితది? ఇంకోటి, నేను ఒక ఫ్యాక్టరీల షిఫ్టు పని చేస్త. పిల్లలు కాలుష్యం ప్రాజెక్టు అని ఫ్యాక్టరీ పేరు రాసుకొని పోతే రేపు ఊర్ల మాటలొస్తయి, నా పని మీదికి వస్తది. మా ఇల్లు నడిచేది ఆ జీతం మీదనే.

పాలమూరు_సోషల్ · జూలై 11, మధ్యాహ్నం 2:05

సార్, మీ భయం న్యాయమైనది. సిలబస్ మాటకు జవాబు: పదో తరగతి జీవశాస్త్రంలోనే ఎదులాబాద్ చెరువు పాఠం ఉంది. మూసీ నీళ్లు చేరే చెరువులో భార లోహాలు చేపల ఒంట్లోకి ఎట్లా చేరతాయో వివరంగా ఇచ్చారు. అది ఘట్‌కేసర్ పక్కన, మీకు దూరం కాదు. ఆ పాఠాన్ని ఊరికే చదివితే నాలుగు మార్కులు. చూసి చదివితే ఆహార గొలుసు మొత్తం అర్థమవుతుంది.

రెండోదానికి జవాబు నాకు తెలిసినంతలో ఇది. పిల్లలతో ఎవరి మీదా నేరం మోపించకూడదు. చూసింది, కొలిచింది, తేదీతో రాయించాలి. నిందించడం పెద్దల పని, అదీ రుజువులతో. మీలాంటి తండ్రి ఉన్న పిల్లవాడు మన తరగతిలో ఉన్నాడన్న గుర్తుతోనే టీచరు మాట్లాడాలి. మాస్కు, చేతి తొడుగులు, రసాయనాలు పడ్డ బట్టలు వేరేగా ఉతకడం, ఇవి కూడా ఇదే పాఠంలో భాగం. అవి మీ కోసం.

పదోతరగతి_నాన్న · జూలై 11, మధ్యాహ్నం 2:31

బట్టల సంగతి మా ఇంట్ల ఎవరు ఎప్పుడు చెప్పలే. పొద్దున డ్యూటీ నుంచి వచ్చి అవే బట్టలతోని పాపను ఎత్తుకుంట. ఇయ్యాల్టి నుంచి ఎత్తుకోను.

మూసీ_ఆయకట్టు · జూలై 11, రాత్రి 8:45

నేను రైతును. వలిగొండ దిక్కు మూసీ కింద పొలం. మూసీ వాడపల్లి కాడ కృష్ణల కలిసేదాక కత్వ (నదికి అడ్డం కట్టిన చిన్న ఆనకట్ట) కింద కత్వ ఉంటది, మా బతుకు ఆ కత్వల మీదనే. మా నాయన ఆ నీళ్లు దోసిట్ల పట్టుకొని తాగిండు. నేను కాళ్లు పెడితే దురద. నాట్లకు వచ్చే ఆడోళ్ల కాళ్ల వేళ్ల సందుల పుండ్లు.

మా పెద్దబిడ్డ పోయినేడు తొమ్మిదో తరగతి. వాళ్ల సైన్స్ సారు కత్వ కాడ నురగ రాయమన్నడు. కత్వ గోడకు రాళ్ల వరుసలు ఉంటయి కదా, నురగ ఎన్నో వరుస దాక లేసిందో పొద్దున బడికి పోయేటప్పుడు చూసి నోట్‌బుక్‌ల రాయాలె. అంతే. నెల రోజులు రాసింది. పైన వాన పడ్డ మరునాడు నురగ నాలుగు వరుసలు, రోడ్డు మీదికి ఎగిరొచ్చింది. వానలేని రోజు ఒకటో రెండో. ఒకనాడు నన్ను అడిగింది, బాపూ మనం అంత సబ్బు వాడతమా అని. ఇది మన సబ్బు కాదు బిడ్డా, పట్నంల లక్షల ఇండ్ల బట్టలు, గిన్నెలు కడిగిన నీళ్లు అన్న. సారు మళ్ల వివరంగ చెప్పిండట: సబ్బుపొడిల ఉండే పదార్థం నీటి పైపొరను సడలిస్తది, నీళ్లు కత్వ మీది నుంచి దుంకినప్పుడు గాలి కలిసి నురగ నిలుస్తది. శుద్ధి చేయకుండ వదిలిన మురుగుల అది అట్లనే ఉంటది.

నా బిడ్డ ఆ నోట్‌బుక్ దాచుకుంది. నేను గా కాగితాలు చూసి, నలభై ఏండ్లు కత్వ మీద తిరిగి కూడ నేను లెక్కవెట్టలేదు గదా అనుకున్న.

ఒక్కటి చెప్త. పిల్లలను నీళ్లల్ల చెయ్యి పెట్టనియ్యకుండ్రి. బ్రిడ్జి మీది నుంచి బకెటకు తాడు కట్టి పెద్దోళ్లు తోడాలె.

మునుగోడు_బయాలజీ · జూలై 11, రాత్రి 9:10

అన్నా, రాళ్ల వరుసలతో కొలవడం చాలా బాగుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

మిర్యాలగూడ_ఫిజిక్స్ · జూలై 12, ఉదయం 6:50

గాలి గురించి ఎవరూ రాయలేదు. మా ఊరు ఉప్పుడు బియ్యం మిల్లులకు పేరు. బాయిలర్లలో ఊక కాలుస్తారు, పొగతో పాటు నల్ల నుసి లేస్తుంది. మేడ మీద ఆరేసిన తెల్ల చొక్కా చెప్తుంది ఆ సంగతి. మా పిల్లలతో చేయించింది ఇది: పోస్టుకార్డంత తెల్ల అట్టముక్కలకు పల్చగా వాజ్‌లైన్ రాసి నాలుగు చోట్ల కట్టాం. బడి మేడ, బస్టాండ్ దగ్గర ఒక కొట్టు చూరు, మిల్లుల దిక్కున్న ఒక విద్యార్థి ఇల్లు, ఊరి బయట పొలం గట్టు. మూడు రోజుల తర్వాత తెచ్చి భూతద్దంతో గళ్లు గీసి చుక్కలు లెక్కపెట్టాం. బస్టాండ్ అట్ట ఎర్రమట్టి, మిల్లుల దిక్కు అట్ట నలుపు. మూలం ఏదో రంగే చెప్పింది.

అయితే ఈ ప్రయోగం పరిమితి పిల్లలకు చెప్పకపోతే తప్పుడు పాఠం అవుతుంది. అట్టకు అంటేది కంటికి కనబడే దుమ్ము. ఊపిరితిత్తుల లోపలి గాలి తిత్తుల దాకా పోయేది 2.5 మైక్రాన్ల లోపు రేణువు, అది మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని ఈ అట్ట పట్టలేదు. పొలం గట్టు అట్ట తెల్లగా ఉంది కాబట్టి అక్కడ గాలి శుభ్రం అని ఒక పాప రాసింది. కొట్టేయించలేదు, దాని కింద "కనబడే దుమ్ము వరకు" అని రాయించాను. మన దేశంలో ఆ సన్న రేణువుల ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది 5. ఎందుకు ఇంత తేడా అని తొమ్మిదో తరగతి వాళ్లు గంటసేపు వాదించుకున్నారు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో హైదరాబాద్‌తో పాటు నల్లగొండ పట్టణం కూడా ఉందని చెప్తే ఎవరూ నమ్మలేదు. గాలి చెడేది పట్నంలోనే అనుకుంటారు.

నడిగడ్డ_టీచర్ · జూలై 12, మధ్యాహ్నం 12:40

ఈ చర్చ ఇప్పుడే చూశాను. గద్వాల నుంచి రాస్తున్నా. మా దగ్గర కాలుష్యం సీసాలో పట్టి తెచ్చేది కాదు, పిల్లల బట్టల మీదే బడికి వస్తుంది.

మా నడిగడ్డలో సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, ఎక్కువ. ఆగస్టు వచ్చిందంటే క్రాసింగ్ పని మొదలు. మగ పూల పుప్పొడిని ఆడ మొగ్గలకు ఒక్కొక్కదానికి చేత్తో అంటించాలి. పొద్దున్నే చెయ్యాల్సిన పని, చిన్న వేళ్లు కావాలంటారు. నా తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్ల ఎదురుగా వరుసగా ఆబ్సెంట్లు పడతాయి. అదే చేన్లో నిన్న మందు కొట్టి ఉంటారు. తలనొప్పి, కళ్లు మంటలు అని చెప్పే పిల్లలకు పురుగుమందుల మీద మార్కుల ప్రశ్న చెప్పి ఏం లాభం?

నేను డబ్బా లేబుల్‌తో మొదలుపెట్టాను. డబ్బా తేవద్దని గట్టిగా చెప్పాను, ఇంట్లో ఫోనుంటే లేబుల్ ఫొటో మాత్రమే. ప్రతి పురుగుమందు లేబుల్ మీద డైమండ్ గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో రంగు. ఎరుపు అత్యంత విషం, పసుపు ఎక్కువ విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ. పందొమ్మిది ఫొటోలు వచ్చాయి. ఎర్రవి వేరు, పసుపువి వేరు పెట్టి గోడకు అతికించాం. ఒక పాప తన ఫొటోలో ఎర్ర రంగు చూసి, "మేడం, ఈ డబ్బా కడిగి మా అవ్వ పప్పులు పోసుకుంది" అంది. తరగతి అంతా నిశ్శబ్దం. ఆ సాయంత్రం నేనూ, ఇంకో టీచరూ ఆ ఇంటికి పోయాం. ముసలామె మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, డబ్బా గట్టిది, మూత బిగుతుగా ఉంటదని తీసుకున్న బిడ్డా అంది. పప్పులు పారబోసి, డబ్బాకు మేకుతో బొక్కలు పొడిచాం, మళ్లీ ఎవరూ వాడకుండా.

అప్పటి నుంచి నా పాఠం క్రమం ఇది. ముందు లక్షణాలు: చొంగ కారడం, విపరీతంగా చెమట, వాంతులు, కంటిపాప చిన్నగా కుంచించుకుపోవడం. తర్వాత ఏం చెయ్యాలి: బట్టలు విప్పి సబ్బుతో ఒళ్లు కడగడం, 108కి ఫోన్, ఆస్పత్రికి పోయేటప్పుడు లేబుల్ వెంట తీసుకుపోవడం. ఆ తర్వాతే నాడీకణాలు, వాటిలో ఇలాంటి మందులు దెబ్బతీసే ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ ఎంజైము. అదే వరుసలో చెప్తే ఎంజైము పేరు కూడా మరిచిపోరు, ఎందుకంటే అప్పటికి అది వాళ్ల నాయన ప్రాణానికి సంబంధించిన పేరు.

మునుగోడు మేడం, మీ పాప చున్నీ సంగతి చదివి ఇదంతా రాశాను. బాధపడే పిల్లకు ముందు పనికొచ్చే మాట చెప్పాలి, నిర్వచనం తర్వాత.

స్టాఫ్‌నర్సు_దేవరకొండ · జూలై 12, రాత్రి 9:05

పనికొచ్చే మాట అన్నారు కాబట్టి. మచ్చలు పోవు కానీ ఎముకల్ని కాపాడుకోవచ్చు. ఫ్లోరైడ్ లేని నీళ్లు మొదటిది. పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి, జామ లాంటి కాల్షియం, సి విటమిన్ తిండి రెండోది. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పిల్లల మీద చేసిన చిన్న అధ్యయనంలో చూశారు. అది మందు అని చెప్పకండి, మన పప్పుచారు మంచిదే అని చెప్పండి. డికాక్షన్ చాయ్ తగ్గించమనండి, తేయాకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. ఆ పాపకు విడిగా, తల్లి ఎదురుగా చెప్పండి. పళ్ల డాక్టరు దగ్గర పైపూత వేయించుకునే వీలు ఉందని కూడా.

నీటి_పరీక్ష · జూలై 13, ఉదయం 7:30

ఒక విషయం గట్టిగా చెప్పాలి. తరగతిలో కిట్ రంగు చూసి వెంటనే ఊళ్లో చెప్పొద్దు. కిట్ అంచనా మాత్రమే. మందు పాతబడితే తప్పు చూపిస్తుంది. మళ్లీ నమూనా తీసి ల్యాబ్‌లో ఖాయం చేసుకున్నాకే చెప్పాలి. లేకపోతే అనవసర భయం.

మర్రిగూడ_బిడ్డ · జూలై 13, ఉదయం 9:12

సార్, మీ మీద కోపం కాదు. కానీ మళ్ల పరీక్ష చేస్తం, మళ్ల చూస్తం అనుకుంటనే మా ఊర్ల ఒక తరం మొత్తం ఆ నీళ్లే తాగింది. భయం మాకు లేకుండె, అదే మా నష్టం.

నీటి_పరీక్ష · జూలై 13, ఉదయం 10:40

మీరు అన్నది కాదనలేను. ఇట్లా చేద్దాం. రంగు పసుపు వస్తే ఆ రోజు నుంచే ఆ నీళ్లు తాగడానికి, వంటకు ఆపమని చెప్పండి, కడగడానికి వాడుకోవచ్చు. అదే రోజు నమూనా ల్యాబ్‌కు పంపండి. తప్పని తేలితే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, పోయేదేమీ లేదు.

మునుగోడు_బయాలజీ · ఆగస్టు 8, రాత్రి 10:15

అందరికీ ఆలస్యంగా రాస్తున్నాను. పాఠం మళ్లీ చెప్పాను, నాలుగు పిరియడ్లు పట్టింది.

మొదటి రోజు ఫొటో ఏదీ లేదు. బోర్డు మీద పన్ను బొమ్మ గీసి ఎనామిల్ ఎప్పుడు తయారవుతుందో చెప్పాను. మర్రిగూడ అన్న మూడు మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఎవరి వైపూ చూడకుండా కిటికీ వైపు చూసి చెప్పాను. మోచేత్తో పొడిచిన పిల్లవాడు తల దించుకున్నాడు.

రెండో రోజు సీసాలు. ఆరు వచ్చాయి. ఆ పాప వాళ్ల తాత పొలం బోరు నీళ్లు తెచ్చింది, లోతు అడిగి రాసుకొచ్చింది. చుక్కలు తనే వేసింది. నల్లా నీళ్లు, వాన నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి, పొలం బోరు తేట పసుపు. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది: "మేడం, మరి మా తమ్ముని పళ్లు తెల్లగ ఎందుకున్నయి?"

నేను జవాబు చెప్పలేదు. పుట్టిన సంవత్సరాలు బోర్డు మీద వేయమన్నాను. ఊరికి మిషన్ భగీరథ పథకం నల్లా వచ్చిన ఏడు కూడా. తనకు అప్పటికి ఐదారేళ్లు. తమ్ముడు ఆ తర్వాత పుట్టాడు. రెండు గీతలు గీసి, తన గీతలో నల్లాకు ముందున్న భాగం సుద్దతో గీసుకుంటూ రంగు నింపింది. "నా ఎనామిల్ ఇక్కడ తయారైంది" అని వేలు పెట్టి చూపించింది. గొంతు సన్నగా ఉంది కానీ వణకలేదు.

చున్నీ ఇంకా అడ్డం పెట్టుకుంటుంది, నవ్వినప్పుడు. ఒక పాఠంతో పోయే అలవాటు కాదు అది. వాళ్ల అమ్మతో నర్సమ్మ చెప్పినవన్నీ మాట్లాడాను.

ఇంకొకటి అనుకోకుండా బయటపడింది. ఆరో సీసా మా బడి వంటగది డ్రమ్ములోది. వంట చేసే అమ్మ నవ్వుతూ నింపి ఇచ్చింది. అదీ పసుపే వచ్చింది. నల్లా పొద్దున ఆరింటికి వచ్చి ఏడింటికి పోతుంది, అప్పటికి బడిలో ఎవరూ ఉండం. అందుకని పప్పు, చారు, అన్నం అన్నీ బడి బోరు నీళ్లతోనే వండుతున్నారు. పిల్లలకు తాగడానికి మాత్రం నల్లా నీళ్లు తెప్పిస్తున్నాం కదా అని నిమ్మళంగా ఉన్నాం. ఇన్నేళ్లు నేను కూడా ఆ అన్నమే తిన్నాను, ఒక్కసారీ అడగలేదు.

హెడ్‌మాస్టరు గారికి అదే రోజు చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఊళ్లో బడి పక్కనే ఉండే ఒక తాత పొద్దున ఆరింటికి గేటు తాళం తీసి నల్లాకు పైపు తగిలిస్తానన్నాడు. మూడు వారాలుగా తగిలిస్తున్నాడు. డ్రమ్ములు రెండు కొన్నాం, మూతలతో.

నీటి పరీక్ష సార్, బడి బోరు నీళ్లు ల్యాబ్‌లో ఖాయం చేసుకోవాలి. ఎంత నీళ్లు పంపాలి?

నీటి_పరీక్ష · ఆగస్టు 8, రాత్రి 10:38

మేడం, లీటరు ప్లాస్టిక్ సీసా ఒకటి చాలు. బోరు వేసి పది నిమిషాలు నీళ్లు వదిలేసి, తర్వాత పట్టండి. డ్రమ్ములోది వద్దు, నేరుగా పైపు నుంచి. ఈ వానాకాలం సూక్ష్మజీవుల పరీక్ష సీసా కూడా ఒకటి తెప్పించి కొత్త డ్రమ్ముల నీళ్లు చూడండి, ఆ సీసాలో పోసిన నీళ్లు ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే డ్రమ్ము కడగాలి, క్లోరిన్ వేయాలి. సీసా మీద ఊరు, బోరు లోతు, పట్టిన తేదీ, టైము రాయండి.

మునుగోడు_బయాలజీ · ఆగస్టు 8, రాత్రి 10:44

రేపు పొద్దున పట్టిస్తాను సార్. లోతు నాకు తెలియదు. రెండో బెంచీ పాప తెలుసుకొని వస్తానంది, బోరు వేసిన మేస్త్రీ వాళ్ల వాడకట్టులోనే ఉంటాడట.